మూడేళ్ళలో ఒక ఎయిర్ చీఫ్ వాయుసేనను నిజంగా మార్చగలడా?

విజయనగరం నుంచి ఒకరు అడిగారు: "మా తమ్ముడు కోరుకొండ సైనిక్ స్కూల్లో తొమ్మిదో తరగతి. ఎయిర్ చీఫ్ అవుతానంటాడు. మన తెలుగు నేల నుంచి ఎవరైనా అయ్యారా? ఫలానా చీఫ్ వాయుసేనను ఆధునికీకరించారని పేపర్లలో రాస్తుంటారు. మూడేళ్ళ పదవిలో ఒక్క మనిషి అంత పని చేయగలడా, లేక అది ఉత్త పొగడ్తేనా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. అయ్యారు. హైదరాబాద్‌లో పుట్టిన ఇద్రిస్ హసన్ లతీఫ్ గారు 1978 నుంచి 1981 వరకు చీఫ్‌గా ఉన్నారు. సికింద్రాబాద్‌లో పుట్టిన ఫాలీ మేజర్ గారు 2007 నుంచి 2009 వరకు ఉన్నారు. హెలికాప్టర్ పైలట్ చీఫ్ కావడం ఆయనతోనే మొదలు. ఇక రెండో ప్రశ్న. మూడేళ్ళలో ఏ చీఫూ వాయుసేనను పూర్తిగా మార్చలేడు. ముందువాళ్ళు అడిగిన విమానం ఈయన కాలంలో దిగుతుంది, ఈయన అడిగింది తర్వాతివాళ్ళ కాలంలో దిగుతుంది. అయినా కొందరు చీఫ్‌ల నిర్ణయాలు నలభై ఏళ్ళు దాటాక కూడా విమానాలుంచే హ్యాంగర్లో కళ్ళెదుట నిలబడి ఉంటాయి. లతీఫ్ గారు జాగ్వార్ యుద్ధ విమానాలు తెప్పించడం అలాంటిదే. నా ఉద్యోగమంతా ఆ ఒక్క నిర్ణయం నీడలోనే గడిచింది.

నా గురించి రెండు ముక్కలు. మాది రాజాం దగ్గర పల్లె. నేను చేరినప్పుడు అది శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. 1983లో ఎయిర్‌మన్‌గా చేరాను. బెల్గాం దగ్గర సాంబ్రాలో కవాతు, తాంబరంలో ఇంజిన్ ఫిట్టర్ శిక్షణ, ఆ తర్వాత ఎక్కువ కాలం గోరఖ్‌పూర్, అంబాలాల్లో జాగ్వార్ విమానాల మీదే పని. వారంట్ ఆఫీసరుగా బయటికొచ్చాను. మొదటి సెలవుకి ఇంటికొస్తే మా అమ్మ అడిగింది, "ఏటి బాబూ, ఇమానం నువ్వే నడుపుతావా?" అని. లేదమ్మా, ఇంజిన్ బాగుచేస్తాను అన్నాను. "మరి బాగుసేసినోడు లేకపోతే అదెలా ఎగుర్తాదిరా?" అంది. కాబట్టి నేను చెప్పేది విమానం కింద నిలబడి చూసిన సంగతి. పైనుంచి చూసిన పైలట్లు ఇంకోలా చెప్పొచ్చు.

లతీఫ్ గారి దారి కొంచెం వివరంగా చెప్తాను, మీ తమ్ముడికి పనికొస్తుంది. 1923లో పుట్టారు. నిజాం కాలేజీలో చదివారు. పద్దెనిమిదేళ్ళకే వాయుసేనకు ఎంపికై 1942లో కమిషన్, అంటే అధికారి హోదా, అందుకున్నారు. ఆ ఏడాదే ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులేశాయి. పట్నం నుంచి బళ్ళు కట్టుకుని మా వైపు పల్లెలకి వచ్చేసిన కుటుంబాల గురించి మా నానమ్మ చెప్తుండేది. లతీఫ్ గారు ఇంగ్లండ్ వెళ్ళి హరికేన్లు, స్పిట్‌ఫైర్లు నడిపారు. తిరిగొచ్చి బర్మా యుద్ధంలో వెంజెన్స్ బాంబర్లు నడిపారు. దేశ విభజనప్పుడు తోటి అధికారులు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్ వైపు వెళ్తూ ఆయన్నీ రమ్మన్నారు. ఆ ఇద్దరూ తర్వాత అక్కడ చీఫ్‌లయ్యారు. ఈయన మాత్రం ఇండియాలోనే ఉండిపోయారు.

ఆ తర్వాత ఒక స్క్వాడ్రన్‌కి, అంటే విమానాల దళానికి, నాయకత్వం, 1960లలో వాషింగ్టన్‌లో ఎయిర్ అటాషే ఉద్యోగం, అంటే మన రాయబార కార్యాలయంలో వాయుసేన ప్రతినిధి. 1971 యుద్ధం నాటికి ఢిల్లీ ఎయిర్ హెడ్‌క్వార్టర్స్‌లో ప్లాన్స్ చూసే అసిస్టెంట్ చీఫ్. ఈ చివరి కుర్చీ సంగతి గుర్తుపెట్టుకోండి. పదేళ్ళ తర్వాత ఎన్ని స్క్వాడ్రన్లు ఉండాలి, ఏ విమానం ముసలిదవుతోంది, దాని చోట ఏది రావాలి అన్న లెక్కలు పుట్టేది అక్కడ. ఆధునికీకరణ చీఫ్ అయిన రోజున మొదలవదు. ఆ లెక్కలు చేత్తో వేసినవాడు చీఫ్ అయితే ఫైలు తెరిచి చదవాల్సిన పని ఉండదు, దాని పుట్టుక ఆయనకే తెలుసు.

1978 సెప్టెంబర్ 1న ఆయన పదవిలోకి వచ్చారు. మర్నెల అక్టోబరులోనే జాగ్వార్ కొనాలని ప్రభుత్వం నిర్ణయించింది. నెల రోజుల్లో జరిగిపోయిందని అనుకోకండి. శత్రు భూభాగంలోకి లోతుగా చొచ్చుకెళ్ళి దాడి చేసే విమానం కావాలని వాయుసేన 1960ల నుంచీ అడుగుతూనే ఉంది. చేతిలో ఉన్న కాన్‌బెర్రా, హంటర్ విమానాలు అప్పటికే పాతబడ్డాయి. బరిలో జాగ్వార్‌తో పాటు ఫ్రాన్స్ మిరాజ్ ఎఫ్1, స్వీడన్ విగ్గెన్ ఉన్నాయి. విగ్గెన్ విమానం స్వీడన్‌దే గానీ దాని ఇంజిన్‌కి మూలం అమెరికాది, అందుకే ఇండియాకి అమ్మడానికి అమెరికా ఒప్పుకోలేదు. ఇంజిన్ ఎవరిదైతే విమానం తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉంటుందన్నది అప్పుడే తేలింది. ఈ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

నిర్ణయం అయ్యాక ఏం జరిగిందో చూడండి. నాకు లతీఫ్ గారి మీద గౌరవం కలిగింది ఇక్కడే. కొత్త విమానాలు తయారై రావాలంటే ఏళ్ళు పడుతుంది. అంతవరకు ఖాళీగా కూర్చోకుండా బ్రిటన్ వాయుసేన సొంత విమానాల్లోంచి 18 జాగ్వార్లు అరువుకి తీసుకున్నారు. 1979 జులై 27న మొదటి జత అంబాలాలో దిగింది, అంటే నిర్ణయమైన ఏడాది లోపే. మనకోసం తయారయ్యే విమానాలు వచ్చేలోగా పైలట్లు, ఫిట్టర్లు ఆ అరువు విమానాల మీదే చెయ్యి తిప్పుకున్నారు. ఆ తర్వాత 40 విమానాలు నేరుగా బ్రిటన్ నుంచి వచ్చాయి, మిగతావి బెంగళూరులో ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్ఏఎల్‌లో తయారయ్యాయి. మిగ్-23లు, మిగ్-25లు వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. పదవి దిగే ముందు ఆయన స్వయంగా మిగ్-25లో ఎగిరారు. అప్పటికి ఆయన వయసు 58.

నేను జాగ్వార్ దగ్గరికి వెళ్ళేసరికి లతీఫ్ గారు రిటైరయ్యారు. మహారాష్ట్ర గవర్నర్‌గా, తర్వాత ఫ్రాన్స్‌లో రాయబారిగా ఉన్నారు. 2018లో హైదరాబాద్‌లో కన్నుమూశారు. నేను ఆయన్ని ఎన్నడూ చూడలేదు. చూసింది ఆయన తెచ్చిన విమానాన్నే.

జాగ్వార్‌కి కాళ్ళు పొడుగు. రెక్క ఎత్తుగా ఉంటుంది, దాని కింద నిలబడి పని చేసుకోవచ్చు. రెండు అడోర్ ఇంజిన్లు పొట్టలో పక్కపక్కన ఉంటాయి. కింది తలుపులు తెరిచి, ట్రాలీ తోసుకొచ్చి, ఇంజిన్‌ని పసిబిడ్డని దించినట్టు కిందికి దించాలి. దించేటప్పుడు నలుగురి కళ్ళు నాలుగు మూలల మీద ఉంటాయి, ఒక్కడే మాట్లాడతాడు. పైపు గానీ కేబుల్ గానీ ఎక్కడైనా తగులుకుంటే "ఆపు" అనే అధికారం మాత్రం అందరికీ ఉంటుంది, నిన్న చేరిన కుర్రాడికి కూడా.

నట్టు బిగించాక ఊడకుండా సన్నటి లాకింగ్ వైర్ పేని కడతాం. ఆ తీగ నట్టుని బిగుసుకునే వైపుకే లాగుతూ ఉండాలి. వదులయ్యే వైపుకి కడితే తీగ ఉన్నా లేనట్టే. కట్టాక కొస కత్తిరిస్తే గోరంత ముక్క మిగులుతుంది. ఆ ముక్క చేతిలో పట్టుకుని చూపించాకే తర్వాతి పని. అది ఇంజిన్ మూతిలోకి పోతే కంప్రెసర్ బ్లేడ్లని నమిలేస్తుంది.

నాకు జరిగింది ఒకటి చెప్తాను. చేరిన కొత్తలో ఒక రాత్రి ఇంజిన్ మార్పు అయిపోయింది, పనిముట్ల పెట్టె లెక్క చూస్తే ఒక స్క్రూడ్రైవర్ బిట్ తక్కువ. అది నా పెట్టె. తెల్లారితే ఆ విమానం ఎగరాలి. వెళ్ళి మా ఫ్లైట్ సార్జెంట్‌కి చెప్పాను. ఆయన ఒక్క మాట అనకుండా ఫారం 700 తీసి విమానం ఎగరరాదని రాసి సంతకం పెట్టేశారు. విమానం ఆరోగ్యం అంతా ఉండే పుస్తకం అది, అందులో సంతకం లేకుండా పైలట్ మెట్లెక్కడు. బిగించిన ప్యానెళ్ళన్నీ మళ్ళీ విప్పాం. టార్చిలు, చిన్న అద్దాలు పట్టుకుని వెతికాం. నాలుగు గంటలకి దొరికింది, నా కవరాల్ (ఒళ్ళంతా కప్పే పని బట్టలు) మోకాలి జేబు చిరిగి లోపలి గుడ్డలోకి జారిపోయి ఉంది. పొద్దున్న స్క్వాడ్రన్ కమాండర్ వచ్చి జరిగిందంతా విన్నారు. ఒక సార్టీ, అంటే విమానం ఒకసారి ఎగరాల్సింది, పోయినందుకు ఒక్క మాటన్నా అనలేదు. స్టోర్స్ వాళ్ళని పిలిచి చిరిగిన కవరాల్స్ అన్నీ ఆ రోజే మార్పించారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, విమానం దిగిన రోజున ఆధునికీకరణ అయిపోదు. ఆ రోజు ఫోటోలు వస్తాయి, నీళ్ళ ఫిరంగులతో స్వాగతం ఉంటుంది. అదే విమానాన్ని మన ఫిట్టరు మన పనిముట్టుతో, తయారుచేసినవాడికి ఫోన్ చేయకుండా, రేపు పొద్దున్న మళ్ళీ పైకి పంపగలిగితేనే సేన కొత్తదైనట్టు. అందుకు హ్యాంగర్ కావాలి, టెస్ట్ బెంచీ కావాలి, స్పేర్లు కావాలి, పుస్తకాలు కావాలి, నేర్పే సీనియర్లు కావాలి. ఇవేవీ పేపర్లో రావు. మంచి చీఫ్ డబ్బు అడిగేటప్పుడు వీటికీ కలిపి అడుగుతాడు. విమానం ధర మాత్రమే అడిగి ఊరుకుంటే సగం విమానాలు స్పేర్ల కోసం నేల మీదే ఉంటాయి.

జాగ్వార్ విషయంలో ఇంకో మంచి పని జరిగింది. బ్రిటన్ నుంచి వచ్చినప్పుడు దారి చూపించి గురి చెప్పే వ్యవస్థ పాతకాలంది. దాన్ని తీసేసి డారిన్ అనే వ్యవస్థని బెంగళూరులో మనవాళ్ళే కూర్చారు. పరికరాలు కొన్ని ఫ్రాన్స్‌వి, కొన్ని బ్రిటన్‌వి, వాటిని ఒకదానితో ఒకటి మాట్లాడించిన బుర్ర మనది. 1980ల మధ్యకి స్క్వాడ్రన్లలోకి వచ్చింది. తర్వాత డారిన్-2, డారిన్-3 వచ్చాయి. ఫ్రాన్స్ 2005లో, బ్రిటన్ 2007లో, ఒమన్ 2014లో జాగ్వార్లని ఆపేశాయి. ఇప్పుడు ప్రపంచంలో వాటిని నడుపుతున్నది మనమొక్కళ్ళమే. పాత ఒంటికి కొత్త కళ్ళు పెట్టడం మనకి చేతనైంది.

కొత్త గుండె పెట్టడం మాత్రం కుదరలేదు. మే నెల ఎండలో గోరఖ్‌పూర్ రన్‌వే మీద పూర్తి బరువుతో జాగ్వార్ పరిగెడుతుంటే కింద మాకు ఊపిరి బిగపట్టినట్టుండేది. వేడి గాలి పల్చన, అడోర్ ఇంజిన్‌కి ఆ గాలిలో బలం చాలదు. ఎక్కువ బలమున్న అమెరికా హనీవెల్ ఇంజిన్ పెట్టాలని ఏళ్ళపాటు ప్రయత్నం నడిచింది. ధర మోయలేనంతై 2019లో వదిలేశారు. ఆ ప్రయత్నంలో ఎందరు చీఫ్‌లు మారారో లెక్కపెట్టుకోండి. అందులో ఎవరి తప్పూ లేకపోవచ్చు. కానీ మీ ప్రశ్నకి ఇదీ జవాబే.

ఫ్రాన్స్ యుద్ధ విమానం రఫేల్ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 126 యుద్ధ విమానాల కోసం టెండర్ పిలిచింది 2007లో, అప్పుడు చీఫ్ మన సికింద్రాబాద్ ఫాలీ మేజర్ గారే. 2012లో రఫేల్‌ని ఎంచినప్పుడు బ్రౌన్ గారు. ఆ టెండర్ చివరికి రద్దయి, 2016లో 36 విమానాలకి ఒప్పందం జరిగినప్పుడు అరూప్ రాహా గారు. 2020 జులై 29న మొదటి ఐదు అంబాలాలో దిగినప్పుడు భదౌరియా గారు. మధ్యలో నాయక్ గారు, ధనోవా గారు. పదమూడేళ్ళు, ఆరుగురు చీఫ్‌లు. ఇందులో ఆధునికీకరించింది ఎవరు? నన్నడిగితే భదౌరియా గారి పేరు ఒక ప్రత్యేక కారణంతో చెప్తాను. 2016లో ఆయన డిప్యూటీ చీఫ్‌గా బేరమాడే బృందానికి నాయకుడు. బేరం తెలిసిన మనిషే చీఫ్ హోదాలో విమానాలు అందుకున్నారు. లతీఫ్ గారి ప్లాన్స్ కుర్చీ లాంటిదే ఇది కూడా.

ఇప్పటి పరిస్థితి తేలిగ్గా లేదు. వాయుసేనకి మంజూరైనవి 42 ఫైటర్ స్క్వాడ్రన్లు. 1963లో వచ్చిన మిగ్-21కి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పాక మిగిలినవి 29. ఆ లోటు పూడ్చాల్సిన మన దేశపు యుద్ధ విమానం తేజస్ మార్క్-1ఏలు 83 కావాలని 2021 ఫిబ్రవరిలో ఒప్పందం రాసుకున్నారు. వాటికి కావాల్సిన అమెరికా ఎఫ్404 ఇంజిన్లలో మొదటిది 2025 మార్చిలో గానీ రాలేదు. 1978లో విగ్గెన్ దగ్గర పడిన ముడి ఇప్పటికీ విడలేదని నా బాధ. తేజస్ కోసం మనవాళ్ళే చేయాలనుకున్న కావేరి ఇంజిన్ మీద 1980ల నుంచీ పని చేశారు, 2008లో దాన్ని తేజస్ నుంచి వేరుచేశారు. నా సర్వీసంతా కావేరి వస్తుందన్న మాట వింటూనే గడిచింది.

ఇంజిన్ల గురించి మన ప్రాంతం వాళ్ళకి తెలియాల్సింది ఒకటుంది. విజయనగరం నుంచి సాలూరు ఘాట్ ఎక్కి పొట్టంగి దాటి వెళ్తే సునాబెడ వస్తుంది. ఒడిశా కోరాపుట్ జిల్లా. అక్కడి హెచ్ఏఎల్ ఫ్యాక్టరీలోనే 1960ల నుంచి మిగ్ ఇంజిన్లు తయారయ్యాయి. ఇప్పుడు సుఖోయ్-30కి ఇంజిన్లు అక్కడే తయారవుతున్నాయి. 2024 సెప్టెంబర్‌లో 240 ఇంజిన్లకి 26 వేల కోట్లు దాటిన ఒప్పందం కుదిరింది. అరకు చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి కూడా ఆ కొండల్లో యుద్ధ విమానాల గుండెలు తయారవుతున్నాయని తెలియదు. మీ తమ్ముడికి ఆ ఫ్యాక్టరీ గురించి చెప్పండి.

ఇప్పటి చీఫ్ ఏ.పీ. సింగ్ గారు టెస్ట్ పైలట్. తేజస్ పరీక్షల్లో పనిచేశారు, మాస్కోలో మిగ్-29 ఆధునికీకరణ బృందాన్ని నడిపారు. 2025లో ఆయన అందరి ముందే చెప్పారు, చాలా ఒప్పందాల మీద సంతకం పెట్టేటప్పుడే అవి గడువుకి రావని తెలిసే పెడుతుంటామని. చీఫ్ స్థాయి మనిషి అంత బాహాటంగా చెప్పడం నాకు చాలా నచ్చింది. ఫారం 700లో "ఎగరరాదు" అని రాసిన మా ఫ్లైట్ సార్జెంట్ గుర్తొచ్చారు.

ఇక దారి గురించి. ఈ రోజుల్లో చీఫ్ కావడానికి దాదాపు నలభై ఏళ్ళు పడుతుంది. సింగ్ గారు 1984 డిసెంబర్‌లో కమిషన్ తీసుకుని 2024 సెప్టెంబర్‌లో చీఫ్ అయ్యారు. అర్జన్ సింగ్ గారు 45 ఏళ్ళకే అయ్యారు గానీ ఆ కాలం వేరు. ఇంతవరకు చీఫ్‌లందరూ ఫ్లయింగ్ బ్రాంచి, అంటే విమానాలు నడిపే విభాగం, వాళ్ళే. వింగ్ కమాండర్ దాకా సర్వీసు కాలాన్ని బట్టి వెళ్ళొచ్చు, గ్రూప్ కెప్టెన్ నుంచి ఎంపిక. స్క్వాడ్రన్‌ని నడిపి ఉండాలి, బేస్‌ని నడిపి ఉండాలి, వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ, ఆ తర్వాత వాయుసేన ఏడు పెద్ద విభాగాల్లో (కమాండ్లు) ఒకదానికి అధిపతి, చాలాసార్లు వైస్ చీఫ్. చాలామంది పట్టించుకోని సంగతి పుట్టిన తేదీ. ఎయిర్ మార్షల్ 60 ఏళ్ళకి రిటైరవుతారు. చీఫ్‌కి 62 ఏళ్ళు లేదా మూడేళ్ళ పదవి, ఏది ముందైతే అది. కుర్చీ ఖాళీ అయిన రోజున సర్వీసులో ఉండాలి, సీనియర్ల వరసలో ఉండాలి. ఎంతో సమర్థులు మూడు నెలల తేడాతో ఇంటికెళ్ళిపోయారు. కాబట్టి చీఫ్ అవ్వాలన్నది లక్ష్యంగా పెట్టుకోవద్దని చెప్పండి, అది ఎవరి చేతిలోనూ లేదు. మంచి స్క్వాడ్రన్ కమాండర్ కావడం మాత్రం అతని చేతిలో ఉంది. ఆ కవరాల్స్ మార్పించిన ఆయనలాగ.

కోరుకొండ స్కూలు 1962లో విజయనగరం రాజావారి ప్యాలెస్‌లో మొదలైంది, పుట్టిందే పిల్లల్ని ఎన్‌డీఏకి (సైనికాధికారుల్ని తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పంపడం కోసం. అందుకని మీవాడికి సగం దారి వేసే ఉంది. పదకొండు, పన్నెండులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు వదలకూడదు, అవి లేకుండా ఎయిర్‌ఫోర్స్ రాదు. ఎన్‌డీఏ రాతపరీక్ష ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, పోతే మళ్ళీ రాయొచ్చు. పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష మాత్రం జీవితంలో ఒక్కసారే. అందులో తప్పితే ఫ్లయింగ్ బ్రాంచి తలుపు మూసుకుంటుంది. అప్పుడు కూడా టెక్నికల్ బ్రాంచి ఉంటుంది, దాన్ని తక్కువగా చూడొద్దని మా అమ్మ మాటగా చెప్పండి.

చివరిగా ఒక చిన్న పని, ఈ సెలవుల్లోనే చేయండి. వాణ్ణి విశాఖ తీసుకెళ్ళి మంచి కంటి డాక్టరు దగ్గర చూపు, రంగుల గుర్తింపు రెండూ పరీక్ష చేయించండి. ఫోన్ వాడకం తగ్గించండి. పైలట్‌కి కాలి పొడవు, కూర్చున్నప్పటి ఎత్తు కూడా కొలుస్తారు, అవి మన చేతిలో లేనివి. కంటి లోపం మాత్రం ముందుగా తెలిస్తే ఏ బ్రాంచికి తయారవ్వాలో ఇప్పుడే నిర్ణయించుకోవచ్చు. రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.